సర్దుకోండి... సర్దుకుపో!

మా అన్నయ్య కూతురు బ్యాంకు పరీక్షకి చదువుతోంది. పోయిన సంక్రాంతికి కొత్తపేట వచ్చింది. భోగి వెళ్ళింది, పెద్ద పండగ వెళ్ళింది, కనుమ వెళ్ళింది, ముక్కనుమ కూడా వెళ్ళింది గానీ పిల్ల మాత్రం అత్తవారింటికి వెళ్ళే ఊసెత్తలేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ పెరటి అరుగు మీద పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోవడం, ఎవరైనా పలకరిస్తే "ఊఁ" అనడం. అంతే.

ఒకనాటి సాయంత్రం నేను పక్కన కూర్చుని కొబ్బరి కోరుతున్నాను. ఉన్నట్టుండి తలెత్తి, "అత్తా, నువ్వు బి.ఏ. చదివావు, నవలలు రాస్తావు కదా! 'పుట్ అప్ విత్' అంటే తెలుగులో ఏమిటి? దానికి సమానమైన మాటలు ఐదు రాసుకోవాలి" అంది.

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి మా వదిన అందుకుంది.

"సర్దుకుపోవడం! ఆ ముక్క పుస్తకంలో వెతికితే దొరకదే అమ్మా. అత్తారింట్లో వెతుక్కోవాలి."

పిల్ల మళ్ళీ తల దించేసుకుంది. పేజీ తిప్పింది గానీ చదవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

సంగతేమిటంటే, దానికి పెళ్ళయి ఏడాది దాటింది. రాజోలు వైపు సంబంధం. కొబ్బరితోట, ఇల్లు, ఒక్కడే కొడుకు. తిట్టేవాళ్ళూ కొట్టేవాళ్ళూ ఎవరూ లేరు. కాకపోతే అత్తగారు "మా ఇంట కోడళ్ళు ఉద్యోగాలు చేసిన ఆచారం లేదు" అని ఒక్క మాట అన్నారట. అబ్బాయి మంచివాడే, తల్లి ముందు నోరు మెదపడు. పిల్ల పుస్తకాలు అటకెక్కాయి. పండక్కి వస్తూ వస్తూ వాటిని చీరల మడతల్లో పెట్టుకుని తెచ్చుకుంది.

నిజం చెప్పొద్దూ, వదిన ఆ మాట అనకపోతే నేనే అనేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నా నవలలు చదివే అక్కచెల్లెళ్ళకి తెలుసు, చివరి పేజీలో నా నాయికలు చాలామంది కన్నీళ్ళు తుడుచుకుని, చిరునవ్వు నవ్వి, సర్దుకుపోయినవాళ్ళే. అలా ముగిస్తే సీరియల్ బాగా ముగిసిందని ఉత్తరాలు వచ్చేవి. కాయితం మీద అమ్మాయికి చెప్పడం సులువే. కళ్ళెదుట కూర్చున్న అమ్మాయికి చెప్పాలంటే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది. కొబ్బరి చిప్ప పక్కన పెట్టి, "ఉండు, నిఘంటువు చూసి చెబుతా" అని లేచిపోయాను. తప్పించుకోవడానికి చదువుకున్నవాళ్ళకి నిఘంటువుని మించిన సాధనం లేదు!

తీరా చూడబోతే ఆ చిన్న మాట వెనక నాలుగు వందల ఏళ్ళ కథ ఉంది.

'పుట్', 'అప్', 'విత్'. మూడూ మూడో తరగతి పిల్లలకి తెలిసిన మాటలే. పెట్టు, పైకి, తోటి. మూడూ కలిపితే "పైకి పెట్టు తోటి" అవ్వాలి. అవదు! 'భరించు' అవుతుంది. ఇంగ్లీషులో ఇలాంటివి వందలూ వేలూ ఉన్నాయి. మన పిల్లలు వాటి దగ్గరే బోర్లాపడుతూ ఉంటారు. ఈ అవస్థ మనకొక్కళ్ళకే కాదు. 1755లో ఇంగ్లీషు నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ తన పీఠికలోనే ఈ సంగతి ఒప్పుకున్నాడు. క్రియ పక్కన ఒక చిన్న ముక్క చేర్చి అర్థం మార్చేసే ఈ అలవాటు పరాయి దేశాల వాళ్ళకి అన్నిటికంటే పెద్ద కష్టం తెచ్చిపెడుతుందని ఆయన భావం. విచిత్రం ఏమిటంటే, ఆ మాటల జాతికి 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు ప్రచారంలోకి తెచ్చింది లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత, 1925లో. బాధ మొదలైన నూట డెబ్బై ఏళ్ళకి గానీ రోగానికి పేరు పెట్టలేదన్నమాట!

అయితే ఇంగ్లీషువాళ్ళని చూసి నవ్వే హక్కు మనకుందా అంటే, లేదనే చెప్పాలి. 'కొట్టు' అనే మాట తీసుకోండి. తలుపు కొడతాం, టెంకాయ కొడతాం, కొబ్బరికాయ రేటు పడిపోతే తల కొట్టుకుంటాం. నాలుగు రోజులు పోయేసరికి వంకాయ కూర మొహం కొడుతుంది. మా వైపు మరో రెండున్నాయి, కొట్టుకుపోవడం, కొట్టుకురావడం. ఆ రెండూ నేను ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే గోదావరి దగ్గర నేర్చుకున్నాను.

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద అది. మా మామ్మగారిది గౌతమి ఒడ్డున లంక ఊరు. పిల్లలందరం ఆవిడతోపాటు పక్కవాళ్ళ డాబా ఎక్కి కూర్చున్నాం. చుట్టూ ఎర్రటి నీళ్ళు. గడ్డివాము ఒకటి ఊరేగింపులా వెళ్ళింది. దూలాలు వెళ్ళాయి. పక్కింటి రైతు "నా దూడపాక కొట్టుకుపోయిందర్రా" అని నెత్తి బాదుకున్నాడు. అదే సమయానికి మా పాలేరు గడ వేసి ఒక పెద్ద దుంగని డాబా అంచుకి లాగి, "ఆయ్, మంచి దుంగ కొట్టుకొచ్చిందండీ!" అన్నాడు. ఏ ఊళ్ళోనో ఒకడికి కొట్టుకుపోయిన దుంగే మాకు కొట్టుకొచ్చింది. దుంగ ఒకటే, నీళ్ళూ ఒకటే. చివర చేరింది 'పోవడ'మా 'రావడ'మా అన్నది మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

తెలుగు క్రియల కిటుకంతా ఆ తోకల్లోనే ఉంది. 'వండు' అంటే ఎవరికైనా వండచ్చు, 'వండుకో' అంటే నీ కోసం నువ్వు. 'రాసిపెట్టు' అంటే ఇంకొకరి కోసం. 'తినేయ్' అంటే ఇంక మిగల్చకు. ఇక 'పోవడం' సంగతి. గ్లాసు పడిపోయింది, గాజు విరిగిపోయింది, పాలు పొంగిపోయాయి, పేరు మరిచిపోయాను. ఆ 'పో' తగిలిన చోట సాధారణంగా మన చెయ్యి దాటిపోయినదేదో ఉంటుంది.

ఈ వాడుక మాటల విలువ ముందుగా గుర్తించినవాళ్ళల్లో ఒక ఇంగ్లీషు దొర ఉండడం మనం చెప్పుకోవలసిన విషయమే. 1817లో మద్రాసులో దిగిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడప, మచిలీపట్నం, మన రాజమండ్రి, ఇలా ఊరూరా కుంపిణీ ఉద్యోగం చేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించాడు. పండితులకి జీతాలిచ్చి తాళపత్రాలకి నకళ్ళు రాయించాడు. 1852-54 సంవత్సరాల్లో అచ్చయిన ఆయన నిఘంటువుల్లో కావ్యాల మాటలతో పాటు కచేరీలోనూ బజారులోనూ వినబడే మాటలు కూడా చోటు చేసుకున్నాయి. ఇంగ్లీషు మాటకీ తెలుగు మాటకీ పెళ్ళి చూపులు చూడటం ఎంత కష్టమో ఆయనకి తెలిసినంతగా మరొకరికి తెలిసి ఉండదు. జాతకాలు కలిసినట్టే ఉంటాయి. కాపురంలో గానీ తేడా తెలియదు.

సరే, మా పిల్లకి ఐదు మాటలు కావాలి కదా. కాయితం తీసుకుని కూర్చున్నాను. ఐదేమిటి, చూస్తూండగా పదీ పన్నెండూ వచ్చాయి. కానీ ఏ రెండూ ఒకదాని చోట ఒకటి ఇమడవు.

'ఓర్చుకో' అన్నది అయిపోయే నొప్పికి. సూది మందు వేస్తున్నప్పుడు పిల్లాడి చెయ్యి పట్టుకుని అంటాం. పురిటి గదిలో మంత్రసాని అనేది. అందులో "ఇంకాసేపే, నేనున్నాను" అన్న అభయం ఉంది. 'ఓపిక పట్టు' అన్నది కాలానికి సంబంధించినది. అన్నం ఉడికేదాకా, పడవ వచ్చేదాకా ఓపిక పడతాం. 'తాళు' అన్నది ఇంకా చిన్న గడువు, గుక్కెడు గడువు. 'సరిపెట్టుకో' అన్నది కొరతకి. అరకేజీ కందిపప్పుతో పదిమందికి పప్పు చేసినప్పుడు అంటాం.

'భరించు'లో బరువుంది. ఖర్చులు భరిస్తారు, బాధ్యత భరిస్తారు. మొయ్యగల భుజం ఉన్నవాళ్ళ మాట అది. 'వేగడం' మాత్రం ఆడవాళ్ళ సొంత ఆస్తి. "ఈ పిల్లలతో వేగలేక చస్తున్నానమ్మా" అంటాం. అప్పడంలా కాగిన నూనెలో వేగడమేనాయె! 'మాటలు పడటం', 'దిగమింగటం' గురించి చెప్పక్కర్లేదు.

'సహించు' మాట మరీ తమాషాగా ఉంటుంది. అది ఎక్కువగా లేదనడానికే వినబడుతుంది. "నేను సహించను!" అని. ఎవరంటారు చెప్పండి? హెడ్మాస్టారు అంటారు, మామగారు అంటారు, ఆఫీసరు అంటారు. తట్టలో ఇసక మోసే మనిషి "నేను సహించను" అనగా మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు. ఆవిడకి ఎదురైనవన్నీ వేగవలసినవీ, పడవలసినవీ, దిగమింగవలసినవీను.

ఇక్కడికి వచ్చేసరికి నాకు అనుమానం తగిలింది. సమానార్థకాలని పేరే గానీ, ఏ మాట ఎవరి నోట్లోంచి వస్తుందో, ఎవరి నెత్తి మీద పడుతుందో ముందే తేలిపోయి ఉంది. మరి ఇంగ్లీషువాళ్ళ 'పుట్ అప్ విత్' సంగతేమిటి? అది పుట్టినప్పుడు ఎవరి మాట?

తిరగేస్తే కత్తి ఒకటి బయటపడింది.

పాత ఇంగ్లీషు వాడుకలో 'పుట్ అప్' అంటే దూసిన కత్తిని మళ్ళీ ఒరలో పెట్టడం. 1611లో ఇంగ్లండు రాజు జేమ్స్ పేరు మీద వచ్చిన బైబిలు అనువాదంలో, తనని పట్టుకోవడానికి వచ్చినవాళ్ళ మీద పీటరు కత్తి దూస్తే, ఏసుక్రీస్తు దాన్ని ఒరలో పెట్టమనే చోట వాడింది ఈ మాటే. వస్తువుని లోపల దాచేయడానికీ ఆ మాటే వాడేవారు. ఆ పక్కనే, అవమానాన్ని పైకి అనకుండా లోపల పెట్టేసుకోవడం అన్న అర్థం కూడా ఉండేది. షేక్‌స్పియరు 'ఒథెల్లో' నాటకంలో రోడ్రిగో అనే అమాయకుడు ఇయాగో చేతిలో నగలన్నీ పోగొట్టుకుని, చివరికి తిరగబడి, ఇంతకాలం పడ్డది చాలు, జరిగినదాన్ని ఊరికే దిగమింగి కూర్చోను అంటాడు. అక్కడ 'పుట్ అప్' పక్కన ఇంకా 'విత్' లేదు. అది పద్దెనిమిదో శతాబ్దం నాటికి వచ్చి చేరింది. ఆ తరవాత ఈ మూడూ విడదీయరాని స్నేహితులయ్యాయి.

ఎంత విడదీయరానివంటే, వాటి మీద ఒక హాస్యకథే పుట్టింది. వాక్యం చివర 'విత్' లాంటి ముక్కలు ఉండకూడదని ఒక గుమాస్తా వాక్యాన్ని దిద్దాడట. పెద్దాయనకి ఒళ్ళు మండి, 'అప్'నీ 'విత్'నీ ముందుకు లాగి, 'పుట్'ని చివరికి నెట్టి, వినడానికి పరమ కంగాళీగా ఉండే వాక్యం ఒకటి తయారుచేసి, ఇలాంటి చాదస్తాన్ని నేను భరించను అని మార్జిన్లో రాశాడట. ఆ పెద్దాయన చర్చిల్ అని లోకంలో ప్రచారం. నిజంగా ఆయనే అన్నాడనడానికి ఆధారాలు గట్టివి కావని పెద్దలు తేల్చారు. ఎవరన్నా అందులో వినబడేది మాత్రం "నేను సహించను" అనే గొంతే.

కథలు పక్కన పెట్టి ఆ కత్తి సంగతి చూడండి. ఒరలో పెట్టాలంటే ముందు చేతిలో కత్తి ఉండాలి కదా! దూయగలిగిన మనిషి, దూసిన మనిషి, సరేలే అని తనంత తానుగా లోపల పెట్టుకుంటే దాన్ని ఓర్పు అనచ్చు. అసలు కత్తే లేనివాళ్ళని కూర్చోబెట్టి ఓర్పు నేర్పితే దానికి వేరే పేరుంది. గతిలేకపోవడం.

కత్తి అంటే ఇనప కత్తే కానక్కర్లేదు. మన కోనసీమలోనే చూడండి. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి, ఆ ఊరి కోడలై వచ్చి, 1909లో కన్నుమూసే దాకా, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు అన్నం పెట్టారు. గోదావరి పాయ దాటి వచ్చే బాటసారికి వేళ కాని వేళ ఆకలి వేస్తుందని ఆవిడకి తెలుసు. అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోలేదని చెప్పుకుంటారు. ఆవిడ ఖ్యాతి ఇంగ్లండు రాజు ఎడ్వర్డు పట్టాభిషేకం దాకా పాకిందనీ, ఫొటో పంపమని కబురొచ్చిందనీ మా వైపు పిల్లలందరం వింటూ పెరిగాం. ఇంట్లో చోటిచ్చి ఆదరించడాన్ని కూడా ఇంగ్లీషులో 'పుట్ అప్' అనే అంటారు! సీతమ్మగారు ఆ అర్థంలోనూ చేశారు, 'విత్' చేర్చిన అర్థంలోనూ చేశారు. చేయగలిగారు. ఎందుకంటే గాదె తాళం ఆవిడ చేతిలో ఉంది, పక్కన భర్త జోగన్నగారి అండ ఉంది. ఆవిడది బలం ఉన్న ఓర్పు. కాటన్ దొర కాలంలో నలభై తొమ్మిది కమానులతో కట్టిన గన్నవరం అక్విడెక్టు పక్కన కొత్తది కట్టి, 2000లో ఆవిడ పేరు పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

మరి తాళం లేనివాళ్ళో? విధవలైన ఆడపిల్లలకి మళ్ళీ పెళ్ళి చెయ్యచ్చని చట్టం 1856లోనే వచ్చింది. కత్తి తయారైంది గానీ ఒరలోనే ఉండిపోయింది. పాలుతాగే వయసులో తాళి కట్టించుకుని పదేళ్ళకే బొట్టు చెరుపుకున్న పిల్లలకి "నీ ఖర్మ, ఓర్చుకో" అనే చెబుతూ వచ్చారు. ఓర్చుకో అన్న మాటలో గడువుంటుందని ఇందాక చెప్పాను చూడండి, ఇక్కడ గడువు చచ్చేదాకా. కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించేటప్పటికి ఆ చట్టానికి పాతికేళ్ళు. ఆ కత్తిని మన జిల్లాలో ఒర లోంచి తీయడానికి అంత కాలం పట్టింది.

ఇంకో కత్తి సంగతి మా ఇంట్లోనే చూశాను. తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకీ కొడుకులతో సమాన భాగం అన్న సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయింది. దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. అయితే మన సవరణలో, అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకి ఆ హక్కు లేదు. మా మేనత్త పెళ్ళి అంతకు కొన్నేళ్ళ ముందు అయిపోయింది. ఆవిడ జీవితాంతం మెత్తగా, అణకువగా మాట్లాడేది. నా తోటి వయసు ఆడపిల్లలం కాస్త గట్టిగా మాట్లాడతాం. అది చదువు వల్ల వచ్చిన తేడా అని చాలాకాలం అనుకున్నాను. కొబ్బరితోటలో నాలుగు వరసలు మన పేర ఉండటం వల్ల కూడా గొంతు లేస్తుందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇవన్నీ కాయితం మీద రాసుకుని, రాత్రి భోజనాలయ్యాక మా పిల్లని పిలిచాను. "ఐదు మాటలు ఇవిగో" అన్నాను. ఓర్చుకొను, భరించు, సహించు, తాళు, దిగమింగు.

"సర్దుకుపోవడం రాయలేదేం అత్తా?"

"అది ఇంకా ఆలోచించాలే" అన్నాను. నిజంగానే నాకు అది తేలలేదు.

దాన్ని తేల్చింది బస్సు కండక్టరు.

నాలుగు రోజుల తరవాత పిల్లని దిగబెట్టడానికి నేనే బయల్దేరాను. అమలాపురంలో రాజోలు బస్సెక్కాం. పండగ జనం ఇంకా తగ్గలేదు. ముగ్గురి సీట్లో నలుగురం. అంబాజీపేటలో కొబ్బరి పీచు బస్తాతో ఒకావిడ, చంకన పిల్లతో ఇంకొకావిడ ఎక్కారు. కండక్టరు చేతులెత్తి దండం పెడుతున్నంత పని చేసి, "ఆయ్, కొద్దిగా సర్దుకోండమ్మా! సర్దుకోండి, అందరూ సర్దుకోండి!" అని అరిచాడు.

ఎంత చిత్రమో చూడండి. కిటికీ పక్కావిడ ఒక అంగుళం జరిగింది. నేను ఒక అంగుళం జరిగాను. ఎదురు సీటు పెద్దాయన సంచీ ఒళ్ళోకి తీసుకున్నాడు. బస్తా సీటు కిందికి వెళ్ళింది. పిల్ల ఎవరి ఒళ్ళోకో వెళ్ళింది. ఎవరూ లేచి దిగిపోలేదు, అందరికీ చోటు దొరికింది. బస్సు అక్విడెక్టు ఎక్కేసరికి ఆ నలుగురి సీట్లో కబుర్లు కూడా మొదలయ్యాయి.

నేను మా పిల్ల చెయ్యి గిల్లాను. "విన్నావుటే? సర్దుకోండి అన్నాడు, సర్దుకుపోండి అనలేదు."

సర్దుకోవడంలో అందరూ తలా ఒక అంగుళం జరుగుతారు. సర్దుకుపోవడంలో ఒక్కళ్ళే జరుగుతారు, ఆ జరగడం జరగడం కొట్టుకుపోయిన దుంగలా ఎక్కడికో పోతారు. మొదటిదాన్ని బస్సులో 'అండి' పెట్టి బహువచనంలో అంటారు. రెండోదాన్ని ఇంట్లో ఏకవచనంలో, కోడలితో, కూతురితో అంటారు. తేడా అంతా ఆ చివరి 'పో'లో ఉంది. దాని అర్థం 'వెళ్ళిపో' అని కూడాను!

మా మామ్మ వరద తీశాక ఇల్లంతా బురద కడుగుతూ, గిన్నెలు బోర్లిస్తూ, ఏదో గొడవలో మా పిన్నిని ఎవరో సర్దుకుపొమ్మంటే కసిరేసింది. "సామాను సర్దుతారర్రా, మనుషుల్ని కాదు" అని. అప్పుడు నాకు అర్థం కాలేదు. నలభై దాటాక, బస్సులో, ముగ్గురి సీట్లో నాలుగోదానిగా ఇరుక్కుని కూర్చున్నాక అర్థమైంది.

వాళ్ళింటికి వెళ్ళాం. కాఫీలయ్యాయి. అత్తగారు మర్యాద తెలిసిన మనిషి, మాట కూడా నెమ్మది. నేనే గుండె చిక్కబట్టుకుని మొదలుపెట్టాను.

"వదినగారూ, పిల్ల పరీక్ష రాస్తుంది. ఉద్యోగం వస్తే కాకినాడో రాజమండ్రో ఎక్కడ వేస్తారో తెలియదు. అందరం కాస్త సర్దుకుందాం. అది కొంచెం, అబ్బాయి కొంచెం, మీరు కొంచెం."

ఆవిడ నా మొహంలోకి చూసి, "మేమెందుకు సర్దుకోవాలండీ?" అన్నారు. కోపంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగారు.

"అదే ప్రశ్న మా పిల్ల మనసులో ఏడాదిగా ఉందండి. అడగలేదంతే" అన్నాను.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. గోడ గడియారం మాట్లాడింది. అప్పుడు అరుగు మీంచి అబ్బాయి గొంతు వినబడింది. "అమ్మా, పరీక్ష రాయనీ. తరవాత సంగతి మనం చూసుకుందాం."

ఇంగ్లీషులో 'వియ్' ఒకటే ఉంది. మనకి రెండున్నాయి. 'మేము' అంటే ఎదుటివాళ్ళు బయట. 'మనం' అంటే ఎదుటివాళ్ళు కూడా లోపల. అత్తగారు 'మేము' అన్నారు, కొడుకు 'మనం' అన్నాడు. ఆ రెండు మాటల మధ్య నా మేనకోడలు గుమ్మంలో నిలబడి ఉంది. అబ్బాయి 'మనం' అన్నాక ఒక అడుగు లోపలికి వేసింది. నేను చూశాను.

ఆ మాట అన్నాక అంతా సుఖాంతం అని మీరనుకుంటే అది నా నవలలు ఎక్కువగా చదవడం వల్ల వచ్చిన అలవాటు. పిల్ల పరీక్ష రాసింది. ఫలితాలు ఇంకా రాలేదు. ఒకవేళ రాకపోతే మళ్ళీ రాస్తానంటోంది. పుస్తకాలు అటక మీంచి దిగి బీరువాలోకి వచ్చాయట. పరీక్షలో 'పుట్ అప్ విత్' అడిగారుటే అంటే, అడగలేదంది. అడిగినవి అన్నీ వేరేవిట!

వియ్యపురాలుగారు మాత్రం ఆ రోజు నుంచీ నాతో మాట్లాడటం లేదు. మొన్న అమలాపురంలో ఒక పెళ్ళిలో ఎదురుపడితే చూసీ చూడనట్టు వెళ్ళిపోయారు.

ఫరవాలేదు. దానికి నేను సర్దుకుపోగలను.